చర్చిలో సామాజిక న్యాయం గురించి మాట్లాడుకోవాలంటే మొదటి ప్రశ్న ఎవరికి వేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. బాపట్ల జిల్లాలో ఒక పల్లెటూరి సంఘం మీది. యవ్వనస్థులు నెలకోసారి ఊరందరినీ పిలిచి విశ్వాసం గురించీ, సామాజిక న్యాయం గురించీ కూర్చుని మాట్లాడుకుందామంటున్నారు. పాస్టర్‌గారు ఒప్పుకున్నారు. సంఘ పెద్దల్లో కొందరు మాత్రం గుడిలోకి రాజకీయాలు ఎందుకని అడ్డుపడుతున్నారు. మొదటి కూడికకు హైదరాబాదు నుంచి ఒక పెద్ద వక్తను పిలిచి రిజర్వేషన్ల మీద మాట్లాడిద్దామని మీ ఆలోచన. ఇది సరైన దారేనా, పెద్దలకు ఏం చెప్పాలి అని అడిగారు.

ప్రకాశం, గుంటూరు ప్రాంతాల్లో బాప్టిస్టు, లూథరన్ సంఘాల్లోనూ, కొన్ని కథోలిక విచారణల్లోనూ (పారిష్‌లలో) ఇలాంటి కూడికలు చాలాకాలంగా నడుపుతున్నాను. ఆ అనుభవంతో రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు పెద్దల సంగతి. వాళ్ల భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఎన్నికలప్పుడు ఎవరో ఒక నాయకుడు గుడికి రావడం, మైకు పట్టుకుని ప్రహరీ గోడ కట్టిస్తానని మాటివ్వడం, ఆయన వెళ్లాక సంఘం రెండు ముక్కలవడం వాళ్లు కళ్లారా చూసి ఉంటారు. రాజకీయం అనగానే వాళ్లకు గుర్తొచ్చేది అదే. అందుకని కమిటీకి రెండు విషయాలు రాతపూర్వకంగా ఇవ్వండి. ఏ పార్టీ మనిషికీ మైకు ఇవ్వం. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చినప్పటి నుంచి ఫలితాలు వచ్చేదాకా కూడిక పెట్టం. ఈ రెండు మాటలతోనే చాలామంది మెత్తబడతారు.

అప్పటికీ ఒప్పుకోని వాళ్లతో మన తాత ముత్తాతల గురించి మాట్లాడండి. 1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి బాప్తిస్మం తీసుకున్నాక ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో విశ్వాసం పాకింది. కొత్తగా నమ్మినవాళ్లకు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి ఇవి భక్తి నియమాలే. కానీ ఆదివారం పనికి రామని చెప్పినందుకు, జాతరలో డప్పు కొట్టబోమన్నందుకు వాళ్లు దెబ్బలు తిన్నారు, పనులు పోగొట్టుకున్నారు. వారానికి ఒక్కరోజు నా ఒళ్లు నాది అని చెప్పడం ఆరాధన కిందికి వస్తుందా, కూలివాడి హక్కు కిందికి వస్తుందా? ఆ రోజుల్లో దాన్ని ఎవరూ విడదీయలేదు. ఒంగోలులో పై కులాలవాళ్లు కొందరు ముందుకొచ్చి, మాదిగలను చేర్చుకుంటే మాత్రం మేం రామన్నప్పుడు, క్లౌ దంపతులు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం చదువుకుని మాదిగల వైపే నిలబడ్డారు. మన సంఘాల పునాది అక్కడ పడింది.

ఇంకా దగ్గరి సంగతి కూడా ఉంది. కారంచేడు, చుండూరు రెండూ ఇప్పుడు మీ జిల్లాలోనే ఉన్నాయి. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపినప్పుడు మిగిలినవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని చీరాల చేరారు, చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారించి, 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. మీ పెద్దల్లో అరవై దాటినవాళ్లకు ఈ రెండూ బాగా గుర్తుంటాయి. వాళ్లనే అడగండి, అప్పుడు మన సంఘం ఏం చేసింది అని. చాలామందికి చెప్పడానికి ఎంతో ఉంటుంది. అడిగినవాళ్లే లేరు. కూడికలకు అడ్డుపడిన పెద్దమనిషే చీరాలలో తలదాచుకున్నవాళ్లకు బియ్యం మోసుకెళ్లిన మనిషి కావచ్చు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇలాంటి కూడికలు మూడు నాలుగు నెలల్లో ఆగిపోవడానికి నేను చూసినంతవరకు ఒకటే కారణం. న్యాయం గురించి ఊరికి చెప్పే కుర్చీలో చర్చి కూర్చుంటుంది, తనను ఎవరైనా ఏమైనా అడగొచ్చు అనే చోట మాత్రం కూర్చోదు. వచ్చినవాళ్లు మర్యాదగా విని, టీ తాగి వెళ్లిపోతారు. అందుకే మొదటి రెండు మూడు నెలల కూడికలు మీ సంఘం గురించే పెట్టండి. ఊరివాళ్లు వచ్చినా ఫర్వాలేదు, విననివ్వండి. తన ఇంటి లెక్క నలుగురి ముందు విప్పిన సంఘం మాటను ఊరు నమ్ముతుంది.

ఏం అడగాలి? నేను ఎప్పుడూ ఒకే ప్రశ్నతో మొదలుపెడతాను. చర్చి ఊడ్చే ఆమెకు నెలకు ఎంత ఇస్తున్నాం?

ఒక సంఘంలో ఈ ప్రశ్న వేసినప్పుడు కోశాధికారి లెక్కల పుస్తకం తెచ్చాడు. ఆమె జీతం దగ్గర ఏళ్ల తరబడి ఒకే అంకె. అదే పేజీలో కొత్త సౌండ్ బాక్సులకు పెట్టిన ఖర్చు ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. జీతం పెంచాలని వెంటనే తీర్మానం చేయబోతుంటే, స్త్రీల సమాజం నుంచి ఒకావిడ ఆపి, ముందు ఆమెను అడగండయ్యా అన్నది. ఊడ్చే ఆమె తలుపు దగ్గర నిలబడి ఉంది. లోపలికి పిలిచి కూర్చోబెట్టి అడిగితే, డబ్బు సంగతి తర్వాత, క్రిస్మస్ రోజు ఆరాధన మధ్యలో నన్ను లేపకండి అన్నది. ప్రేమవిందుకు నీళ్లు పట్టాలని, విస్తళ్లు సర్దాలని ప్రసంగం సగంలో ఉండగానే ఎవరో వచ్చి భుజం తడతారట. ఏ క్రిస్మస్‌కూ ఆశీర్వాదం దాకా తను కూర్చోలేదట. ఆ సంవత్సరం నుంచి విస్తళ్ల పని కమిటీ సభ్యుల ఇళ్లవాళ్లు వంతులేసుకున్నారు. జీతం కూడా పెరిగింది. మేమంతా తీర్మానం చేసి ఇళ్లకు వెళ్లిపోయి ఉంటే ఆ మాట ఎప్పటికీ బయటికి వచ్చేది కాదు. సామాజిక న్యాయం మీద గంటసేపు ఉపన్యాసం విన్నా ఆ సంఘానికి అంత అర్థమయ్యేది కాదని నా నమ్మకం.

ఇలాంటి ప్రశ్నలు మీ సంఘంలోనూ ఉంటాయి. సమాధుల తోటలో ఎవరికి ఎక్కడ చోటిస్తున్నారు? ముందు వరస ఎవరికి వదిలేస్తున్నారు? గుంటూరు జిల్లాలో రెడ్లు, కమ్మవారు ఉన్న కథోలిక విచారణల్లో ఈ ప్రశ్నలు ఎంత మంట పుట్టిస్తాయో అక్కడివాళ్లకు తెలుసు. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు. ఆ పదవి పొందిన మొదటి దళితుడు ఆయన. ఆ వార్తకు బాణసంచా కాల్చిన విచారణల్లో కమిటీలు ఎలా ఉన్నాయో కూడా అడగాలి. అలాగే 2013లో సీఎస్ఐ (దక్షిణ భారత సంఘం) నంద్యాల అధ్యక్ష ఖండానికి పుష్పలలిత గారు బిషప్ అయ్యారు, సీఎస్ఐలో తొలి మహిళా బిషప్. మీ పాస్టరేట్ కమిటీలో ఆడవాళ్లు ఎందరు, వాళ్లలో లెక్కలు చూసేవాళ్లు ఎందరు?

మాల, మాదిగ అనే మాట ఎత్తకుండా మన దగ్గర ఈ సంభాషణ పూర్తికాదు. మిషన్లు వచ్చినప్పుడు ఒక్కో ప్రాంతంలో ఒక్కో మిషన్ పనిచేయడం వల్ల, ఒంగోలు వైపు బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు ఎక్కువగా, గుంటూరు వైపు లూథరన్ సంఘాల్లో మాలలు ఎక్కువగా చేరారు. పెళ్లి సంబంధాల దగ్గర ఆ గీత ఇప్పటికీ చెరగలేదు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీ వర్గీకరణకు, అంటే ఎస్సీ రిజర్వేషన్‌ను ఉపకులాల వారీగా పంచడానికి, అవకాశం ఇచ్చాక, 2025లో ఆంధ్రప్రదేశ్ రెల్లి ఉపకులాల గ్రూపుకు 1 శాతం, మాదిగ గ్రూపుకు 6.5 శాతం, మాల గ్రూపుకు 7.5 శాతం అని విభజించింది. దీని మీద ఇళ్లలో చాలా కోపం ఉంది, చాలా సంతోషమూ ఉంది. ఒకే గుడిలో ఆ ఇద్దరూ పక్కపక్కన మోకాళ్లూనుతారు. ఈ అంశాన్ని తప్పించుకోవద్దు, అలాగని మొదటి ఏడాదిలో పెట్టొద్దు. మనుషులు ఒకరి మాట ఒకరు ఆపకుండా వినడం అలవాటయ్యాక పెట్టండి. అప్పుడు కూడా శాతాలతో మొదలుపెట్టకండి, మన సంఘంలో ఎవరింట్లో ఎవరు భోంచేస్తారు అనే దగ్గర మొదలుపెట్టండి. పట్టణాల్లో పారిశుధ్య పని చేసే రెల్లి కుటుంబాల మాట ఈ గొడవలో ఎవరికీ వినపడదు. వాళ్లలో ఒక్కరైనా ఆ రోజు మాట్లాడేలా చూసుకోండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. దీన్ని దయచేసి రెండుసార్లు చదవండి. కూడికను వీడియో తీయొద్దు, ఫేస్‌బుక్‌లో లైవ్ పెట్టొద్దు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మొదట్లో హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసినా అది అమలు కాలేదు. 2022లో కేజీ బాలకృష్ణన్ గారి అధ్యక్షతన ఇంకో కమిషన్ వేశారు. మతం మారిన ఎస్సీలను ఆంధ్రప్రదేశ్ బీసీ-సిలో, అంటే వెనుకబడిన తరగతుల్లో సి గ్రూపులో, పెట్టింది, దానికున్న వాటా 1 శాతం. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, గుంటూరు జిల్లా నుంచి వచ్చిన ఒక పాస్టర్ కేసులో, క్రైస్తవంలోకి మారినవాళ్లు ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేరని చెప్పింది. కొట్టినవాడు కులం పేరుతోనే కొడతాడు, చట్టం దగ్గరకొచ్చేసరికి మతం అడుగుతారు. ఈ బాధ మన సంఘాల్లో ప్రతి ఇంట్లోనూ ఉంది.

అలాంటప్పుడు ఒక కుర్రాడు ఆవేశంలో లేచి, నా కుల సర్టిఫికెట్‌లో హిందువుని, నా గుండెలో క్రైస్తవుణ్ణి అని మైకులో చెప్పాడనుకోండి. ఎవరో తీసిన ముప్పై సెకన్ల వీడియోతో వాళ్ల అక్క ఉద్యోగం మీదికి ఫిర్యాదు వెళ్లొచ్చు. న్యాయం కోసం పెట్టిన కూడిక ఒక కుటుంబం నోటి దగ్గర కూడు తీయకూడదు. కాబట్టి ఎవరి వ్యక్తిగత సర్టిఫికెట్ సంగతీ కూడికలో అడగొద్దు, చెప్పనివ్వొద్దు. చట్టం ఏమంటోంది, ఎందుకు మారాలి అన్నంతవరకే మాట్లాడండి. ఫోన్లు సంచిలో పెట్టమని మొదట్లోనే చెప్పండి. దీన్ని పిరికితనం అనుకునే యవ్వనస్థులు ఉంటారు. వాళ్లకు ఓపిగ్గా అర్థమయ్యేలా చెప్పాలి. ఎవరి ధైర్యానికి ఖర్చు ఎవరు కట్టాల్సి వస్తుందో వాళ్లకింకా తెలీదు.

ఊళ్లో హిందువులను, ముస్లింలను పిలవాలా అని అడిగారు. తప్పకుండా పిలవండి. కౌలు, కూలి, తాగునీళ్లు, అప్పులు అందరివీ. కానీ వాళ్ల మనసులో ఉండే మొదటి అనుమానం మనకు తెలిసిందే, మతం మార్చడానికి పిలిచారేమో అని. మీది చర్చి అని దాచాల్సిన పనిలేదు, చిన్న ప్రార్థనతో మొదలుపెట్టొచ్చు. కరపత్రాలు పంచొద్దు, బాప్తిస్మం మాట ఎత్తొద్దు, వచ్చినవాళ్ల ఫోన్ నంబర్లు రాసుకోవద్దు. దీనికీ మన నేల మీదే ఒక ఉదాహరణ ఉంది. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. వచ్చినవాళ్లలో చాలామంది బాప్తిస్మం అడిగారు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారన్నది అందరికీ తెలుసు. దానికి ముందు ఆగిన ఆ నెలల గురించి మనవాళ్లు తక్కువ చెబుతారు. నాకు మాత్రం ఆ ఆగడమే ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది.

వాక్యం ఎప్పుడు చదవాలన్న దాని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. ముందు చదవకండి. పాస్టర్‌గారు మొదట వాక్యం చదివి వివరిస్తే, ఆ తర్వాత లేచినవాళ్లంతా సాక్ష్యం చెప్పినట్టు మాట్లాడతారు, దేవుడు చూసుకుంటాడు అని ముగిస్తారు. మనుషులు తమ సంగతి చెప్పుకున్నాక చదవండి, అదే వాక్యం వేరేగా వినపడుతుంది. అప్పుల గురించి మాట్లాడుకున్న రోజు నెహెమ్యా ఐదో అధ్యాయం తీయండి. పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు కుదువపెట్టామని, పిల్లల్ని దాస్యానికి ఇవ్వాల్సి వస్తోందని అక్కడ జనం మొరపెడతారు. అప్పిచ్చినవాళ్లు సొంత సహోదరులే. 2010లో మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్లు భరించలేక జనం ప్రాణాలు తీసుకుంటుంటే అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చిన రోజులు మన ఆడవాళ్లకు గుర్తున్నాయి. ఆ అధ్యాయం చదివాక కంపెనీల గురించే మాట్లాడి ఊరుకోలేం. సంఘంలోనే వడ్డీకిచ్చేవాళ్లు ఉంటారు, ముందు బల్ల మీదే కూర్చుంటారు. నెహెమ్యా గద్దించింది అలాంటివాళ్లనే.

కౌలు రైతుల రోజున, రాజు లాక్కున్న నాబోతు ద్రాక్షతోట కథ చదివితే చర్చ భూసేకరణ వైపు వెళ్లిపోతుంది, చూసుకోండి. 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకు సాగుదారు కార్డు రావాలంటే పొలం యజమాని ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టాలి. పెట్టేవాళ్లు తక్కువ. ఆ సంతకం పెట్టగలిగిన వాళ్లెవరైనా మీ సంఘంలో ఉంటే ముందుగా వాళ్లింటికి వెళ్లి మాట్లాడండి, అందరి ముందు నిలదీయకండి. ఆస్తిలో ఆడపిల్లల వాటా గురించైతే సంఖ్యాకాండం 27లో తండ్రి ఆస్తిలో వాటా అడిగిన సెలోపెహాదు కుమార్తెలు ఉన్నారు. క్రైస్తవులకు వర్తించే 1925 వారసత్వ చట్టం కింద, తండ్రి వీలునామా రాయకుండా పోతే కొడుకుకూ కూతురుకూ సమాన వాటా. కాగితాల మీద హిందువులుగా ఉన్నవాళ్లకు 2005 సవరణతో దాదాపు అదే హక్కు. అయినా కట్నం ఇచ్చాం కదమ్మా అని సంతకం తీసేసుకుంటాం. ఈ అంశం పెట్టిన రోజు మగవాళ్లు ఎక్కువ మాట్లాడకుండా చూడండి. ఇది అనుభవం మీద చెబుతున్న మాట.

నడిపే పద్ధతి సంగతి కొంచెం. పాస్టర్‌గారు నడపకూడదు, ఆయన కూడా మిగతావాళ్లతో పాటు కూర్చోవాలి. గుడిలో బల్లలు వరసగా బిగించి ఉంటే వరండాలోనో, సండే స్కూలు గదిలోనో చాపలేసి గుండ్రంగా కూర్చోండి. ఆదివారం ఆరాధన అయ్యాక పెడితే అందరి మనసూ ఇంటి మీదే ఉంటుంది. శనివారం సాయంత్రం, కూలికి వెళ్లినవాళ్లు స్నానం చేసి వచ్చే వేళకు పెట్టండి. గంటన్నర మించొద్దు. సంగతి ఎవరిదో వాళ్లే ముందు మాట్లాడాలి, చదువుకున్నవాళ్లు తర్వాత. మైకు ఉంటే మైకు అలవాటైనవాళ్లే మాట్లాడతారు, కాబట్టి వద్దు. అక్కడ లేని మనిషి పేరు ఎత్తకూడదు. టీ అందరికీ ఒకే రకం గ్లాసుల్లో ఇవ్వాలి, ఆ గ్లాసులు ఎవరు కడుగుతున్నారో కూడా చూసుకోవాలి.

ఇంట్లో కొడుతున్నాడని ఒక స్త్రీ చెప్పడం మొదలుపెడితే అందరి ముందు కొనసాగనివ్వకండి. స్త్రీల సమాజంలో నమ్మకమైన ఇద్దరు ఆమెను పక్కకు తీసుకెళ్లి వినాలి, ఆ ఇద్దరెవరో ముందే అనుకుని ఉంచండి. స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది, 15100కు ఫోన్ చేయొచ్చు. స్త్రీల హెల్ప్‌లైన్ 181. ఈ రెండు నంబర్లు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. ప్రార్థన చేసి పంపేయడం, సర్దుకుపొమ్మనడం మాత్రం చేయొద్దు. ఆ మాటతో వెనక్కి వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్న ఆడవాళ్లు ఉన్నారు.

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ప్రతి కూడికలో ఏదో ఒక చిన్న పని ఎవరో ఒకరు ఒప్పుకోవాలి. సచివాలయానికి వెళ్లి ఒక అర్జీ ఇవ్వడం, సమాధుల తోట సర్వే నంబరు కనుక్కుని రావడం, అంతే. పై నెల కూడిక మొదట్లో ఆ పేజీ చదవాలి, ఆ పని అయిందో లేదో చెప్పాలి. ఇది జరిగితే జనం వస్తారు, జరగకపోతే రారు.

ఇక వక్త సంగతి. ఆయనను పిలవండి, కానీ ఆరో నెలకో ఏడో నెలకో పిలవండి. అప్పటికి ఆయన్ను అడగడానికి మీ ఊరి దగ్గర సొంత ప్రశ్నలు ఉంటాయి. నవంబరు రెండో ఆదివారాన్ని మన దేశంలో చాలా సంఘాలు దళిత విముక్తి ఆదివారంగా పాటిస్తాయి, ఆ వారం శనివారానికి ఆయన తారీఖు అడిగి చూడండి. అక్కడి నుంచి ఆరు నెలలు వెనక్కి లెక్కేసుకుంటే మే నెలలో మొదటి కూడిక వస్తుంది. ఎండలకు సాయంత్రం ఆరున్నర తర్వాత పెట్టుకోండి. ఆ రోజు కోశాధికారిని లెక్కల పుస్తకం పట్టుకుని రమ్మని ఇప్పుడే చెప్పి ఉంచండి, ఎందుకో కూడా దాచకుండా చెప్పండి.